రేపల్లె తాలూకా జానకమ్మ

గుంటూరంటే ముందు మిరపకాయ, ఆ తర్వాత పత్తి. పాట సంగతి ఎవరికీ వెంటనే తట్టదు. దక్షిణాది నాలుగు భాషలవాళ్లూ మా గాయని అనుకునే శిష్ట్లా శ్రీరామమూర్తి జానకి, అదే ఎస్. జానకి, 1938 ఏప్రిల్ 23న పుట్టింది అప్పటి గుంటూరు జిల్లా రేపల్లె తాలూకా పల్లపట్లలో. అటువైపు మిరప తోటలకన్నా కృష్ణా కాలువల కింద వరిచేలే ఎక్కువ. 2022లో గుంటూరు, ప్రకాశం జిల్లాల ముక్కలు కలిపి బాపట్ల జిల్లా చేశాక రేపల్లె అందులోకి పోయింది.

ఆ చుట్టుపక్కల గాలిలో ఏముందో గానీ, నటగాయకుడు చిత్తూరు నాగయ్య పుట్టిందీ రేపల్లెలోనే. పేరులోని చిత్తూరు తర్వాత నాటకాలు తెచ్చిపెట్టింది. దర్శకుడు కె. విశ్వనాథ్‌ది ఆ పక్కనే పెదపులివర్రు. విశ్వనాథ్ ‘సప్తపది’ (1981)లో ఆవులూ గోపయ్యా వచ్చే పాట గుర్తుందా? అందులో వినిపించే పసిపిల్లాడి గొంతు జానకమ్మదే. అప్పటికి ఆవిడకు నలభై దాటాయి.

జానకమ్మ నాన్నగారు ఆయుర్వేద వైద్యులు, పాఠాలు కూడా చెప్పేవారు. ఆవిడ చిన్నతనం చాలావరకు సిరిసిల్లలో గడిచింది. తొమ్మిదో ఏట తొలిసారి వేదికెక్కారు. శాస్త్రీయ సంగీతాన్ని ఏళ్ల తరబడి కూర్చుని నేర్చుకున్నది లేదు. నాదస్వర విద్వాంసుడు పైడిస్వామి దగ్గర నేర్చుకున్నదే పునాది. ఈ నాదస్వరాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి.

1962లో తమిళంలో ‘కొంజుం సలంగై’ వచ్చింది. తెలుగువాళ్లకది ‘మురిపించే మువ్వలు’. అందులో ఒక పాట నాదస్వరంతో గొంతు పోటీపడేది. వాయించినవారు కారుకురిచ్చి అరుణాచలం. ఆ వాద్యం పక్కన మామూలు గొంతులు వినబడవు, పైగా రాగం ఆభేరి, సంగతులన్నీ మెరుపు వేగంతో నడుస్తాయి. ముందు పి. లీలను అడిగితే, ఇది జానకి పాడాల్సిన పాట అని ఆవిడే పేరు చెప్పారట. సాటి గాయనికి ఇలా దారి ఇవ్వడం సినిమా లోకంలో రోజూ జరిగేది కాదు. జానకమ్మ పేరు మారుమోగింది ఆ పాటతోనే. ఇంకో చమత్కారం: తెరమీద దానికి పెదవులు కదిపింది సావిత్రి. ఆవిడదీ గుంటూరు జిల్లానే, చిర్రావూరు. అరవ సినిమాలో ముఖమూ గొంతూ రెండూ మన జిల్లావే.

సినిమాలకు ముందు ఆకాశవాణి. 1956లో జరిగిన అఖిల భారత పాటల పోటీలో రెండో బహుమతి వచ్చింది, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా అందుకున్నారు. ఆ తర్వాత మద్రాసులో ఏవీయం వారి దగ్గర ఆస్థాన గాయని ఉద్యోగం. 1957లో తొలి సినిమా పాట ‘విధియిన్ విళయాట్టు’లో. సినిమా తమిళం, సంగీతం మాత్రం మన టి. చలపతిరావు. అదే ఏడు తెలుగులో ‘ఎమ్మెల్యే’కి ఘంటసాలతో కలిసి పాడారు.

జాతీయ అవార్డులు నాలుగు. మొదటిది 1977లో తమిళ ‘పదినారు వయదినిలే’కి, రెండోది 1980లో మలయాళ ‘ఒప్పోళ్’కి. తెలుగు వంతు వచ్చేసరికి 1984 అయింది, అదీ వంశీ ‘సితార’లోని వెన్నెల గోదారి పాటకు. కృష్ణ ఒడ్డున పుట్టినావిడకు గోదావరి ఇప్పించిన అవార్డన్నమాట! నాలుగోది 1992లో, మళ్లీ తమిళానికే: ‘తేవర్ మగన్’. కేరళ ప్రభుత్వమైతే ఉత్తమ గాయనిగా పదిసార్లకు పైగా పిలిచింది. పుట్టింటివాళ్లకన్నా ఇరుగుపొరుగే ముందుగా గుర్తించారని నాకెప్పుడూ అనిపిస్తుంది.

అమెరికాలో పాప్ గాయని అంటే పాటకంటే ముందు ముఖం అమ్ముడుపోతుంది. మన నేపథ్యగాయని వేరొకరి ముఖానికి గొంతు అరువిస్తుంది. జానకమ్మ ఆ పనిని చివరంటా తీసుకెళ్లారు. పాడేటప్పుడు మనిషి కదిలేవారు కాదు, కవళికలూ పెద్దగా మారేవి కావు, మారేదంతా గొంతులోనే. పల్లెపిల్ల, జాణ, పసివాడు, ఎవరు కావాలంటే వాళ్లు. హిందీలో ‘సాహెబ్’ (1985) కోసం బప్పీ లహరితో కలిసి పాడిన డిస్కో పాట ఇప్పటికీ పెళ్లిళ్లలో మోగుతూనే ఉంది. అది తెలుగావిడ గొంతని చిందేసేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

గూడూరులో ఒకసారి పాటల పోటీకి ముఖ్య అతిథిగా వెళ్లారు. అక్కడొక కుర్రాడికి రెండో బహుమతి ఇచ్చారు. మొదటిది ఇవ్వాల్సింది ఇతనికే అని మైకులో చెప్పేసి, సినిమాల్లో పాడమని ప్రోత్సహించారు. ఆ కుర్రాడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. ఈ సంగతి ఆయనే జీవితాంతం చెప్పుకున్నారు.

సంగీత దర్శకత్వం కూడా చేశారు. ఉషాకిరణ్ మూవీస్ ‘మౌనపోరాటం’ (1989) పేర్లలో చూడండి, సంగీతం: ఎస్. జానకి.

2013లో పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు. ఆలస్యమైందనీ, దక్షిణాది కళాకారులకు దక్కాల్సిన గౌరవం దక్కడం లేదనీ ఆవిడ మాట. యాభై అయిదేళ్లు పాడిన తర్వాత పంపిన కబురు మరి! 2016లో మలయాళంలో ఒక జోలపాటతో ఇక చాలన్నారు, 2017 అక్టోబరులో మైసూరులో చివరి కచేరీ చేశారు. ఆ మాట ఎక్కువ కాలం నిలవలేదు: 2018లో తమిళ ‘పన్నాడి’ కోసం మళ్లీ మైకు ముందు నిలబడ్డారు.