గోడ ఆరిందో లేదో చూశాకే రంగు

సంక్రాంతి దగ్గరపడుతుంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం వీధుల్లో పెయింటర్లకు తీరిక దొరకదు. పండక్కి ఇల్లు కళకళలాడాలని ఎవరికి ఉండదు? కానీ ఈ పడమటి మండలాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పండక్కి కాస్త ముందే కురుస్తాయి. 2021 నవంబరులో చిత్తూరు, కడప జిల్లాలను ముంచెత్తిన వానలు చాలామందికి గుర్తే. అలా నాని నాని ఉన్న గోడ పైకి పొడిగా కనబడినా, లోపలి తడి వారాల తరబడి పోదు.

దాని మీద ఎమల్షన్ వేస్తే పూత బుడగలుగా లేచి పెచ్చులూడుతుంది. నింద మాత్రం రంగు మీద పడుతుంది. మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగంచులా టేపుతో గోడకు అతికించి, మర్నాడు తీసి చూడాలి. వెనకవైపు చెమ్మ పట్టి ఉంటే ఇంకా ఆగాల్సిందే.

ఇక ఉప్పు. గోడ అడుగున తెల్లగా పొడిలా పొంగేది అదే. నేలలో, ఇటుకలో, బోరు నీళ్లలో ఉన్న లవణాలు తడితో పాటు పైకొచ్చి, నీరు ఆవిరయ్యాక గోడ మీద మిగిలిపోతాయి. చాలామంది దాన్ని వెంటనే కడిగేస్తారు. అప్పుడది కరిగి మళ్లీ గోడలోకే ఇంకుతుంది. ముందు పొడి బ్రష్షుతో రాల్చి ఎత్తిపోయాలి. తర్వాత ఆ నీరు ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి: మిద్దె మీద పగులా, కారే పైపా, గోడకు ఆనుకుని నిలిచే మురుగా? అది ఆపకుండా ఎంత ఖరీదైన ప్రైమర్ పూసినా డబ్బు వృథా.

నాచు పట్టినచోట బ్లీచింగ్ నీళ్లతో రుద్ది, శుభ్రంగా కడిగి ఆరనివ్వాలి. పగుళ్లను కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, బయటి గోడలకు పనికొచ్చే ఫిల్లర్ నింపాలి. అరచేతితో రాస్తే సుద్దలా అంటే పాత రంగును గీకేయాలి. కొత్త సిమెంటు పూతైతే కనీసం 28 రోజులు వదిలేయడం మంచిది, దాని క్షారగుణం రంగును పాడుచేస్తుంది. పాత తలుపులు, కిటికీలు, గేట్ల ఎనామిల్‌ను పొడిగా గీకకూడదు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకు ముందువాటిలో సీసం ఉండొచ్చు. తడిపి గీకాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి.

పుంగనూరు లాంటి పాత జమీందారీ ఊళ్లలో సున్నపు గారతో పూసిన మిద్దెల సంగతి వేరు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మెల్లగా రాయిలా గట్టిపడుతుంది, గోడలోని ఆవిరిని బయటికి పోనిస్తుంది. దాని మీద సిమెంటు మాట్లు వేసి, ప్లాస్టిక్ రంగు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. కొన్నేళ్లకు రంగుతో పాటు గార కూడా ఊడొస్తుంది. అలాంటి ఇంటికి సున్నమే తగినది. చౌక అని చిన్నచూపు చూడడం వల్ల ఎన్నో మంచి గోడలు పాడయ్యాయి.

సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున్న మదనపల్లెలో చలికాలం మంచు బాగా కురుస్తుంది. పొద్దున్నే బ్రష్షు పట్టకుండా గోడ తేమ పోయేదాకా ఆగాలి. మండే ఎండ తగిలే గోడ మీదా వేయకూడదు, రంగు పట్టకముందే ఎండిపోతుంది. అందుకే అనుభవమున్న పెయింటర్లు పడమటి గోడను మధ్యాహ్నానికి ముందు, తూర్పు గోడను ఆ తర్వాత పూస్తారు. ఒక కోటు ప్రైమర్, రెండు కోట్ల ఎమల్షన్, కోటుకూ కోటుకూ మధ్య డబ్బా మీద రాసినంత విరామం. పండగలోగా గోడ ఆరకపోతే ముందు గదులకు వేసుకుని, బయటి పని సంక్రాంతికీ ఉగాదికీ మధ్య పెట్టుకోవచ్చు. ఆ రోజుల్లో ఇక్కడ వానలు తక్కువ, పెయింటర్లూ తేలిగ్గా దొరుకుతారు.