పికప్‌లో రెండో బ్యాటరీ: తెల్లారేసరికి పెరుగు గట్టిగా ఉండాలి, బండి స్టార్ట్ అవ్వాలి

మా బొలెరో పికప్‌కి రెండో బ్యాటరీ ఎలా బిగించామో వీడియోలో మొత్తం చూపించాను. వీడియోలో చెప్పడానికి కుదరని లెక్కలు ఇక్కడ రాస్తున్నాను. మనలో చాలామంది సొంత సరుకు సొంతంగానే అమ్ముకుంటున్నాం. నేను చుండూరు నుంచి నెలకి రెండుసార్లు బియ్యం, మినుములు, నాటు ఆవు పెరుగు, పనీర్, నెయ్యి వేసుకుని హైదరాబాద్ వెళ్తాను. రాత్రి బండిలోనే పడక.

ముందు నా తప్పులు చెప్తాను. ఫ్రిజ్ పెట్టె కొన్న కొత్తలో దాన్ని నేరుగా ఇంజన్ బ్యాటరీకే కలిపేశాను. తెల్లవారుజామున నాలుగింటికి తాళం తిప్పితే టక్ టక్ మంది తప్ప ఇంజన్ తిరగలేదు. పక్కనే ఇంకో పికప్ ఆయన ఉండబట్టి జంపర్ కేబుల్ వేసి గట్టెక్కించాడు. (లారీ బ్యాటరీ నుంచి మాత్రం జంప్ తీసుకోకండి. చాలా లారీలు 24 వోల్టులు, మనవి 12.) స్టాల్ తెరవడం ఆలస్యమైంది, పనీర్ పారబోశాను.

ఇంటికొచ్చి తొందరగా రెండో బ్యాటరీ పెట్టేశాను. సన్న వైరు, ఫ్యూజు లేదు. వారం తిరక్కముందే ఆ వైరు చాసిస్ అంచుకి రాసుకుని, తొడుగు చిరిగి, పొగలొచ్చాయి. వెనకాల ఎండుగడ్డి ఉంది. టెర్మినల్ పీకేసరికి చేతికి బొబ్బలెక్కాయి. 12 వోల్టులు షాక్ కొట్టదు కదా అని ధీమాగా ఉంటాం. షాక్ కొట్టదు గానీ షార్ట్ అయితే వందల ఆంపియర్లు పారుతుంది, వైరు ఎర్రగా కాలిపోతుంది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ రోజే.

ఇంజన్ బ్యాటరీ మీద ఫ్రిజ్ ఎందుకు నడపకూడదు? బండలాగుడు పోటీకి మేపిన ఎడ్లని రోజంతా అరక దున్నమంటే ఏమవుతుంది, ఇదీ అంతే. స్టార్టర్ బ్యాటరీలో ప్లేట్లు పల్చన. కొన్ని సెకన్లు గట్టిగా లాగడానికి చేసినవి. నాలుగుసార్లు అడుగంటా ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. నెమ్మదిగా, గంటల తరబడి ఇచ్చేది డీప్ సైకిల్ బ్యాటరీ. ఆస్ట్రేలియాలో పికప్‌లని యూట్ అంటారు. ఊళ్లు లేని ఎడారి దారుల్లో తిరిగేవాళ్లు ఎప్పట్నుంచో రెండు బ్యాటరీలతోనే వెళ్తున్నారు.

ఎంత బ్యాటరీ కావాలి? నా ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగేటప్పుడు 4 ఆంపియర్లు తీసుకుంటుంది. సుమారు సగం సేపు తిరుగుతుంది. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా పది గంటలకి 20 ఆంపియర్ అవర్లు. రెండు పది వాట్ల లైట్లు నాలుగు గంటలకి 7. కాటా, ఫోన్లకి 3. మొత్తం 30. లెడ్ యాసిడ్ అయితే సగం కంటే కిందికి దించకూడదు, అంటే కనీసం 60 కావాలి. రెంటచింతల ఎండల్లాంటివి తగిలితే కంప్రెసర్ ఆగదు, కాబట్టి 100 తీసుకోండి. ఇంట్లో ఇన్వర్టర్ ట్యూబులర్ ఉందిగా, అదే పెడతానంటారు కొందరు. 150 ఆంపియర్ అవర్లది 50 కిలోల పైనే ఉంటుంది, గతుకులకి యాసిడ్ చిందుతుంది. నేను లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పెట్టాను. 100 ఆంపియర్ అవర్లది పన్నెండు పదమూడు కిలోలే, ఎక్కువ లోతుకి వాడుకోవచ్చు. ఖరీదు ఎక్కువే, కాదనను. ధరలు మారుతుంటాయి కాబట్టి ఇక్కడ రాయట్లేదు.

ఇప్పుడు ఛార్జింగ్. రెండు బ్యాటరీలని ఊరికే జతకలిపితే ఒకటి దిగినప్పుడు రెండోదీ దిగుతుంది. మధ్యలో తూము లాంటిది ఉండాలి. పాత బండ్లకి వోల్టేజ్ చూసి తెరుచుకునే రిలే సరిపోతుంది: ఇంజన్ తిరిగి 13.3 దాటితే కలుపుతుంది, 12.8 కి పడిపోతే విడదీస్తుంది. కొత్త బీఎస్ 6 బండ్లలో కొన్నిటి ఆల్టర్నేటర్లు డీజిల్ ఆదా కోసం వోల్టేజ్‌ని తామే తగ్గించేస్తాయి. అప్పుడు రిలే విడిపోయి, రోజంతా తిరిగినా రెండోది నిండదు. అలాంటి బండికీ, లిథియం బ్యాటరీకీ డీసీ టు డీసీ ఛార్జరే పెట్టాలి. నాది 20 ఆంపియర్లది. రాత్రి ఖర్చయిన 30 రెండు గంటల ప్రయాణంలోపే తిరిగొస్తుంది. లెడ్ యాసిడ్ ఇంత త్వరగా నిండదు, చివరి భాగం బాగా నెమ్మది.

వైరు దగ్గర పిసినారితనం వద్దు. కాలవ మొదట్లో నీళ్లున్నా చివరి పొలాలకి అందని సంగతి మన డెల్టా వాళ్లకి వేరే చెప్పాలా? బ్యానెట్ నుంచి వెనక్కి ఆరు మీటర్లు, రాకపోకలు కలిపి పన్నెండు అనుకుందాం. 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో 30 ఆంపియర్లు పారితే ఒక వోల్టు దారిలోనే పోతుంది. 16 స్క్వేర్ వేస్తే 0.4 పోతుంది. నేను 16 వేశాను.

మా ఎలక్ట్రీషియన్ బాబాయ్ మొదట "ఒక ఫ్యూజు చాల్లేరా" అన్నాడు. చాలదు. వైరుకి రెండు వైపులా బ్యాటరీలే ఉన్నాయి, మధ్యలో ఎక్కడ తెగినా రెండు వైపుల నుంచీ కరెంటు వస్తుంది. "నిజమేరా" అని ఒప్పుకున్నాడు. అందుకే రెండు బ్యాటరీల ప్లస్సులకీ జానెడు దూరంలోపు చెరో 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాం. రేకు కన్నంలోంచి వెళ్లే చోటల్లా రబ్బరు గ్రోమెట్, మొత్తం పొడవునా గొట్టం. ఎర్త్ కలిపే చోట రంగు గీకి మెరిసే ఇనుముకి బిగించాలి. కొన్ని కొత్త బండ్లలో ఇంజన్ బ్యాటరీ మైనస్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది, దాని మీద ఇంకేమీ బిగించకండి. మొదలుపెట్టేటప్పుడు మైనస్ ముందు తీయండి, పెట్టేటప్పుడు చివర పెట్టండి.

బ్యాటరీని ఇంజన్ పక్కన పెట్టొద్దు, ఆ వేడి దానికి పడదు. లెడ్ యాసిడ్ అయితే సరుకుతో పాటు మూసేసిన పెట్టెలోనూ వద్దు. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, నిప్పురవ్వ పడితే పేలుతుంది. పైగా నెయ్యికి ఏ వాసనైనా ఇట్టే పట్టేస్తుంది. నాది క్యాబిన్ వెనక, గాలాడే ఇనప పెట్టెలో పట్టీలతో బిగించి ఉంది.

బండి వారంటీలో ఉంటే వైరింగ్ ముట్టుకునే ముందు షోరూంలో అడగండి. ఇన్సూరెన్స్ వాళ్లకి కాగితం మీద తెలియజేయండి.

ఇంకో లాభం నేను ముందు అనుకోలేదు. పొలం గట్టు మీదే బ్యాటరీ స్ప్రేయర్ ఛార్జ్ అవుతోంది. కషాయం కొట్టడం మధ్యలో ఆగిపోయి ఇంటికి పరిగెత్తడం పోయింది.

మొన్న హైదరాబాద్‌లో పొద్దున్నే లేచి మీటరు పెట్టి చూశాను. రెండోది 13.1, ఇంజన్‌ది 12.6. పెట్టె మూత తీస్తే పెరుగు గట్టిగా ఉంది.