శోధన (క్రైస్తవము)

క్రైస్తవ పరిభాషలో శోధన అనగా మనిషిని పాపము వైపు లాగు ప్రేరేపణ. వాడుక తెలుగులో శోధించుట అంటే వెదకుట, పరీక్షించుట. గ్రీకు మూలములోని 'పెయిరాస్మోస్' అను పదమునకు పరీక్ష, ప్రలోభము అను రెండర్థములూ కలవు. తెలుగు బైబిలులో సాధారణముగా రెండింటికీ శోధన అను మాటయే కనిపించును. అందువలన దేవుడే మనిషిని పాపములోనికి లాగునా అను సందేహము చదువరికి కలుగుట సహజము. యాకోబు పత్రిక (1:13-14) కాదనియే చెప్పుచున్నది: శోధన మనిషి స్వంత కోరిక నుండి పుట్టును. పరలోక ప్రార్థనలోని ఈ మాటకు గల ఇటాలియన్ అనువాదము సరికాదని 2017లో పోప్ ఫ్రాన్సిస్ అభిప్రాయపడిరి. 2020లో ఇటలీ పూజాగ్రంథములో ఆ వాక్యము మారినది.

శోధింపబడుట పాపము కాదు, లొంగుటయే పాపము. యేసు కూడా శోధింపబడెను (మత్తయి 4). 40 దినముల ఉపవాసము తరువాత ఆకలిగొన్న ఆయనను రాళ్ళను రొట్టెలు చేయమనుట మొదటి శోధన. మూడు శోధనలకూ ఆయన ద్వితీయోపదేశకాండము నుండియే బదులిచ్చెను. అయితే అపవాది కూడా కీర్తనల వాక్యమునే చూపెను. కనుక వాక్యము కంఠస్థమైనంత మాత్రాన చాలదు. యోసేపు (ఆదికాండము 39) వాదమునకు నిలువక, వస్త్రము విడిచి పారిపోయెను. ఎదిరించుటలో ఇదియు ఒక విధమే.

ఉంగుటూరు, తాడేపల్లిగూడెం ప్రాంతములు 1976లో ఏర్పడిన ఏలూరు కతోలిక మేత్రాసనమునకు చెందినవి. కతోలికులు విభూది బుధవారము మొదలు ఈస్టరు వరకు, ఆదివారములు మినహా 40 దినములు, తపస్సుకాలముగా పాటింతురు. ఆ కాలపు మొదటి ఆదివారము దేవాలయములలో చదువబడు సువార్త యేసు శోధన ఘట్టమే.