ఆస్పరాగస్ ధరను తేల్చేది వంట గిన్నెయే
కోసిన గంట నుంచే తరుగు. జూన్ 24తో సీజను సమాప్తి

జర్మనీ కూరగాయల మార్కెట్లలోకి ఏటా ఏప్రిల్ మధ్య ప్రాంతంలో తెల్ల ఆస్పరాగస్ దిగుతుంది. జూన్ 24తో సీజను ముగుస్తుంది. సుమారు పది వారాలు మాత్రమే సాగే ఈ వ్యాపారంలో తొలి రాకలకు పలికే ధర, మే నెలలో సరుకు ముమ్మరం కాగానే దిగివస్తుంది. ఆ దేశంలో ఇటీవలి సంవత్సరాలలో ఏటా సుమారు లక్ష టన్నుల పంట వస్తున్నది. ధర పడినప్పుడు నిలవ వేసి, పెరిగినప్పుడు అమ్ముకొనే వీలు మాత్రం ఈ సరుకులో లేదు. కారణం తెలియాలంటే దానిని ఇళ్లలో ఎలా వండుతారో ముందుగా చూడవలసి ఉంటుంది.

తెలుగు వర్తకులకు ఈ మొక్క వంశం బొత్తిగా కొత్తది కాదు. మూలికల దుకాణాలలో శతావరి వేరుగా అమ్ముడయ్యే పిల్లిపీచర దీనికి దాయాది. పిల్లిపీచరలో వేరు సరుకైతే, ఆస్పరాగస్‌లో నేలలో నుంచి పైకి పొడుచుకు వచ్చే లేత మొలక సరుకు. వెలుతురు సోకకుండా మట్టి కట్టల లోపలనే పెంచి కోస్తే అది తెల్లగా ఉంటుంది. ఎండ తగలనిస్తే ఆకుపచ్చగా మారుతుంది. జర్మనీలో తెల్లదానికి గిరాకీ ఎక్కువ. బ్రిటన్, అమెరికాలలో ఆకుపచ్చదే వాడుక.

మసాలా లేని వంట

వంట విధానం అతి సులభం. తెల్ల మొలకకు కొన వదలి, దాని దిగువ నుంచి మొదలు వరకు పై పొట్టు తీస్తారు. మొదట్లో పీచుగా ఉన్న ముక్కను కోసి పారవేస్తారు. మరిగే నీటిలో ఉప్పు, చిటికెడు పంచదార, కొద్దిగా వెన్న వేసి, లావును బట్టి 10 నుంచి 15 నిమిషాలు ఉడికిస్తారు. కత్తి మొన సులభంగా దిగితే దింపివేయవచ్చు. ఆకుపచ్చ రకానికి పొట్టు తీయనక్కరలేదు. మహా అయితే కింది మూడవ వంతు గీకితే చాలు. 3 నుంచి 5 నిమిషాలలో ఉడుకుతుంది. పైన కరిగించిన వెన్న పోసి, పక్కన ఉడికించిన కొత్త బంగాళాదుంపలు పెడితే వడ్డనకు సిద్ధం. తీసిన పొట్టును కూడా పారవేయక, నీటిలో మరిగించి సూపుకు వాడే ఇళ్లు ఉన్నాయి.

ఈ వంటలో పోపు లేదు, కారం లేదు, పులుసు లేదు. సరుకు పాతదైతే దాని లోపాన్ని కప్పిపుచ్చే దినుసు ఏదీ గిన్నెలో పడదు. రెండు రోజులు ఎండిన మొలక ఎంత ఉడికినా పీచుగానే ఉంటుంది. ఆ కారణంగా గృహిణి చేసే పరీక్షకు నిలబడని సరుకు టోకు మార్కెట్లోనూ నిలబడదు.

లావుకు ఎక్కువ ధర ఎందుకు?

తెల్ల ఆస్పరాగస్‌ను ఎక్స్‌ట్రా, ఒకటవ తరగతి, రెండవ తరగతిగా విడదీస్తారు. నిటారుతనం, కొన బిగువు, రంగుతో పాటు లావు కూడా ఇందులో ముఖ్యం. ఎక్స్‌ట్రా తరగతికి కనీసం 12 మిల్లీమీటర్ల లావు ఉండాలి. పొడవు 22 సెంటీమీటర్లకు మించరాదు.

లావు సరుకుకు ఎక్కువ ధర పలకడం కేవలం చూపు కోసం కాదు. అందులో తరుగు లెక్క ఉన్నది. చుట్టూ ఒక మిల్లీమీటరు పొట్టు తీశారనుకుంటే, 20 మిల్లీమీటర్ల మొలకలో సుమారు 19 శాతం పోతుంది. 10 మిల్లీమీటర్ల మొలకలో అదే పొట్టుకు 36 శాతం పోతుంది. కిలో ధర చవకగా కనిపించినా, సన్నరకం కొన్నవారికి గిన్నెలోకి వచ్చేది తక్కువ. పొట్టు తీసే శ్రమ ఎక్కువ. పొట్టు తీయని ఆకుపచ్చ రకంలో సన్నదనానికి ఈ నష్టం ఉండదు.

గంటల లెక్క

కోసిన తరువాత కూడా మొలక జీవించే ఉంటుంది. శ్వాసక్రియ అతి వేగంగా సాగే కూరగాయలలో ఇది ఒకటి. తనలోని చక్కెరను తానే ఖర్చు చేసుకుంటుంది, తీపి తగ్గుతుంది. మొదలు నుంచి పైకి పీచు ముదురుతుంది. వేడిమి పెరిగే కొద్దీ ఈ రెండూ వేగిరపడతాయి. అందుచేత పొలం నుంచి రాగానే చల్లని నీటితో వేడి దించి, 0 నుంచి 2 డిగ్రీల సెంటీగ్రేడులో, తేమ బాగా ఉండే గదిలో ఉంచుతారు. అలా ఉంచినా రెండు, మూడు వారాలకు మించి నిలవదు. పండ్లు మాగేటప్పుడు వెలువడే ఎథిలీన్ వాయువు పీచును మరింత పెంచుతుంది కనుక, మాగే పండ్లతో కలిపి ఒకే గదిలో పెట్టరాదు. పడుకోబెడితే కొనలు పైకి వంగిపోతాయి కనుక ఆకుపచ్చ సరుకును పెట్టెలలో నిలబెట్టి, అడుగున తడి మెత్తలు వేసి పంపుతారు.

కొనేవారు చూడవలసిన గుర్తులు ఇవి. రెండు మొలకలను ఒకదానితో ఒకటి రుద్దితే కీచుమనాలి. కోసిన చివరను నొక్కితే చెమ్మ ఊరాలి. పులిసిన వాసన రాకూడదు. కొన గట్టిగా ముడుచుకొని ఉండాలి. కోసిన చివరను మళ్లీ తరిగితే పాత సరుకు కూడా కొత్తదిగా కనిపించవచ్చును గాని, విచ్చుకున్న కొనను తిరిగి ముడిచే ఉపాయం లేదు.

సీజను కాని కాలంలో పెరూ దేశపు ఆకుపచ్చ సరుకు విమానాలలో ఐరోపా, అమెరికాలకు చేరుతుంది. అక్కడి ఎడారి తీరంలో నీరు పెడితే ఏడాది పొడవునా కోత సాధ్యం. అయితే విమాన కిరాయి సరుకు ధరపై పడుతుంది. ఈకా లోయలో ఈ సేద్యం వల్ల భూగర్భ జలాలు తరిగిపోవడం మరొక సమస్య.

చేతులు లేకపోతే కోత లేదు

తెల్ల మొలకను మట్టిలో వెదకి, ఒక్కొక్కటిగా పొడవాటి కత్తితో కోయవలసి ఉంటుంది. జర్మనీలో ఈ పని ఎక్కువగా పోలండ్, రుమేనియాల నుంచి వచ్చే సీజను కూలీలది. 2020 మార్చిలో కరోనా కారణంగా సరిహద్దులు మూతపడగా రైతులు దిక్కుతోచని స్థితిలో పడ్డారు. మొలక ఒక్క రోజు ఆగదు. మట్టి దాటి వెలుతురు చూస్తే కొన ఊదారంగుకు తిరిగి తరగతి పడిపోతుంది. చివరకు ఏప్రిల్‌లో 40 వేలు, మే నెలలో 40 వేల మంది వరకు సేద్యపు కూలీలు విమానాలలో వచ్చేందుకు అక్కడి ప్రభుత్వం అనుమతించింది. కూలీని విమానంలో రప్పించైనా కోత కోయవలసిన పంట ఇది.

జూన్ 24 దాటితే

నాటిన మొదటి రెండేళ్లు సాధారణంగా కోత ఉండదు. ఆపైన తోట సుమారు పదేళ్ల పాటు పంటనిస్తుంది. జూన్ 24 తరువాత మొలకలను కోయక వదిలివేస్తారు. అవి ఏపుగా పెరిగి, సన్నని ఆకుజొంపాలు వేసి, వచ్చే ఏటికి కావలసిన బలాన్ని వేళ్లలో దాచుకుంటాయి. ధర బాగున్నదని మరి రెండు వారాలు కోసిన రైతు, వడ్డీ అనుకొని అసలును తింటున్నాడన్నమాట. మరుసటి ఏప్రిల్‌లో ఆ పొలం నుంచి సన్న మొలకలు వస్తాయి. వాటి తరుగు ఎంతో పైన చూచిన లెక్కే చెబుతుంది.