బాడుగ బండి పత్రములలో తప్పులు - వానిని దిద్దుకొను విధము



కుప్పము, పుంగనూరు, మదనపల్లె ప్రాంతములలో టమాటా కోతకు వచ్చినప్పుడు బండి కొరకు వేచియుండుటకు వీలులేదు. అందుచేత సొంత బండి లేనివారు టెంపోనో, ట్రాక్టరునో కొన్ని నెలల పాటు బాడుగకు తీసికొని తామే నడుపుకొనుట కలదు. ఆ తొందరలో ఒప్పంద పత్రమును చదువక సంతకము చేయుదురు. విత్తనములో కలిసిన కలుపు గింజ పైరు మొలిచిన పిదపనే కనబడును. పత్రములోని తప్పు కూడ అట్టిదే. తగవు వచ్చిన నాడే అది బయటపడును.

పత్రము ఏల ముఖ్యము?

1988 నాటి మోటారు వాహనముల చట్టము, 2వ సెక్షను 30వ క్లాజు ప్రకారము, లీజు, వాయిదాల కొనుగోలు లేక తాకట్టు ఒప్పందము క్రింద నున్న బండికి, ఆ ఒప్పందమును బట్టి బండి ఎవరి స్వాధీనములో నున్నదో వారే యజమాని. 2008లో గోదావరి ఫైనాన్స్ కంపెనీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ నిర్వచనమునే అనుసరించి, బండికి అప్పిచ్చిన కంపెనీపై ప్రమాద పరిహారపు భారము వేయరాదని తీర్పు చెప్పినది. కావున బండి మీ చేతిలో నున్న కాలమున ప్రమాదము జరిగినచో ఆ భారము మీపై పడవచ్చును. అది ఏ బండి, ఏ నాటి నుండి ఏ నాటి వరకు మీ చేతిలో నున్నది అను విషయమును పత్రమే చెప్పును.

సంతకమునకు ముందు సరిచూడవలసినవి

1. బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు: వీనిని ఆర్.సి.తో మాత్రమే గాక, బండిపై చెక్కిన అంకెలతో కూడ పోల్చవలెను. అంకెలపై కాగితముంచి పెన్సిలుతో రుద్దినచో అచ్చు పడును. పదునేడు గుర్తులు గల ఛాసిస్ నంబరులో ఆంగ్లపు ఐ, ఓ, క్యూ అక్షరములు వాడరు. కావున అందు సున్నవలె కనబడునది సున్నయే. ట్రైలరుకు వేరుగా రిజిస్ట్రేషను ఉండును. దాని నంబరును కూడ వ్రాయించవలెను.

2. పేరు: మనము ఇంటిపేరు వ్రాయుదుము. తమిళ సీమలో తండ్రి పేరు మొదటి అక్షరము వ్రాయుదురు. ఆధారు కార్డులో ఒక విధముగా, పత్రములో మరియొక విధముగా ఉన్నచో ఇద్దరు మనుష్యులని వాదించుటకు సందు దొరకును.

3. సొమ్ము: నెల బాడుగను, ముందుగా ఇచ్చిన డిపాజిట్టును అంకెలలోను, అక్షరములలోను వ్రాయించవలెను. అంకెలలో 18,000 అనియు, అక్షరములలో ఎనుబది వేలు అనియు ఉన్నచో, సాధారణముగా అక్షరములకే విలువ ఎక్కువ.

4. తేదీలు: ఆరంభమును, ముగింపును తేదీ, నెల, సంవత్సరముతో వ్రాయవలెను. "పదకొండు నెలలు" అని మాత్రము వ్రాసి విడువరాదు.

5. వాడుక, బీమా: సొంత వ్యవసాయమునకని బీమా చేసిన ట్రాక్టరుతో ఇతరుల సరుకును కూలికి తోలినచో బీమా కంపెనీ అభ్యంతరము చెప్పవచ్చును. పత్రములో వ్రాసిన వాడుకయు, బీమాలోని వాడుకయు ఒక్కటిగా ఉండవలెను. బీమా గడువును కూడ చూడవలెను.

సరిహద్దు గ్రామములవారికి

కుప్పము మూడు రాష్ట్రములు కలియు చోటు. కోలారు వైపు నుండి కె.ఎ. 07, కృష్ణగిరి వైపు నుండి టి.ఎన్. 24 నంబరు బండ్లు బాడుగకు వచ్చును. పత్రము కన్నడములోనో, తమిళములోనో, ఆంగ్లములోనో ఉన్నచో, చదివించి అర్థము తెలిసికొని, "తెలుగులో చదివి వినిపించగా తెలిసికొని సంతకము చేసితిని" అని వ్రాయించుడు. వేరు రాష్ట్రపు బండిని మన రాష్ట్రములో పండ్రెండు నెలలకు మించి ఉంచినచో, 47వ సెక్షను ప్రకారము ఇచ్చటి కొత్త నంబరు తీసికొనవలెను. ఆ ఖర్చు ఎవరిదో ముందే వ్రాసికొనుట మంచిది.

తప్పు కనబడినచో

మీ అంతట మీరు దిద్దరాదు. ఒక పక్షమువారు మాత్రమే ముఖ్యాంశమును మార్చినచో పత్రము చెల్లదను వాదము వచ్చును.

చిన్న అక్షర దోషమైనచో, పాత మాట కనబడునట్లు ఒక్క గీత గీసి, సరియైన మాట వ్రాసి, ఉభయులును పక్కన తేదీతో సంతకము చేయవలెను. ఇరువురి ప్రతులలోను ఇట్లే చేయవలెను.

సొమ్ము, గడువు, బండి నంబరు తప్పినచో, స్టాంపు కాగితముపై సవరణ దస్తావేజు వ్రాసికొనవలెను. అందు మొదటి పత్రము తేదీ, తప్పుగా పడినది, ఒప్పుగా ఉండవలసినది, ఈ మూడును ఉండవలెను. బీమా పత్రములో కూడ అదే తప్పు ఉన్నచో కంపెనీకి వ్రాసి దిద్దించవలెను. ఒకచోట దిద్ది మరియొకచోట విడిచినచో తగవు తీరదు.

ఎదుటివారు ఒప్పుకొననిచో, విషయమును జాబుగా వ్రాసి స్పీడ్ పోస్టులో పంపి, నకలును, రసీదును దాచుకొనవలెను. మోసము వలన గాని, ఉభయుల పొరపాటు వలన గాని పత్రము అసలు ఉద్దేశమును తెలుపనిచో, 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టము 26వ సెక్షను క్రింద కోర్టు దానిని సవరించగలదు. "నోటి మాట వేరు" అనినంత మాత్రమున కోర్టు సాధారణముగా ఒప్పదు. వకీలును పెట్టుకొన శక్తి లేనివారు మండల న్యాయసేవాధికార సంఘమును ఆశ్రయించవచ్చును.

బండి తిరిగి ఇచ్చునప్పుడు

తేదీ, వేళ, మీటరు అంకె వ్రాసిన రసీదును తప్పక తీసికొనవలెను. అది లేనిచో, మీరు ఇచ్చిన మరునాటి ప్రమాదము కూడ మీ తలపైకి రావచ్చును. కంపెనీ నుండి లీజుకు గాని, అప్పుపై గాని తెచ్చిన బండియైనచో, ఒప్పందము ముగిసిన పిదప ఇరువురును సంతకము చేసిన 35వ నమూనా ఫారమును రవాణా కార్యాలయమున దాఖలు చేసి, ఆర్.సి.లోని నమోదును కొట్టివేయించవలెను. బాకీ తీరినను ఈ నమోదు మిగిలియున్నచో బండిని అమ్ముట కష్టము.

కోత రోజున పత్రము చదువుటకు తీరిక దొరకదు. కావున నారు పోసిన నాడే బండి మాట్లాడుకొని, పత్రమును ఇంటికి తెచ్చి, చదువుకొన్న బిడ్డలచేత ఒక్కొక్క అంకెను చదివించి, బండితో సరిచూచి, ఆ తరువాతనే సంతకము చేయుడు.