పేరు పిలిస్తేనే కట్నం!

*నిన్నమొన్నటి దాకా ఊరి చావడి ముందు డప్పుతో చాటింపు. ఇప్పుడు వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, ఫేస్‌బుక్‌లో. ఓరుగల్లు పాటగాళ్లకు లైవ్ కొత్తది కావచ్చు కానీ దాని కిటుకు మాత్రం వాళ్ల తాతలకే తెలుసు!*

కథ మంచి పట్టు మీద ఉంటుంది. ఎల్లమ్మో, బీరప్పో, మల్లన్నో... ఎవరో ఒకరు చిక్కుల్లో పడి ఉంటారు. సరిగ్గా అప్పుడే డోలు ఆగిపోతుంది. జనంలోంచి ఒకాయన లేచి వచ్చి కథకుడి చేతిలో నోటు పెడతాడు. 'ఫలానా ఊరు, ఫలానా వారు నూటపదహార్లు కట్నం చదివించిండ్రు... వారి గొడ్డూగోదను, పిల్లాజెల్లను ఆ మల్లన్న సల్లంగ సూడాలె' అని కథకుడు గొంతెత్తి చెబుతాడు. తాళాలు ఒక్కసారి ఘల్లుమంటాయి. ఇచ్చినాయన మీసం మీద చెయ్యి వేసుకుని కూర్చుంటాడు. పక్కనున్నాయన జేబు తడుముకుంటాడు. కథ మళ్లీ అందుకుంటుంది.

ఓరుగల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఒగ్గుకథ విన్నవాళ్లెవరికీ ఇది కొత్త కాదు. ఇప్పుడు ఒకసారి యూట్యూబ్‌లో ఏదైనా పాటల లైవ్ తెరిచి చూడండి. పాట సాగుతుంటుంది. పక్కనే వ్యాఖ్యలు పరుగెడుతుంటాయి. వాటి మధ్యలో రంగు పట్టీ మీద ఒక పేరు, దాని పక్కన డబ్బు లెక్క మెరుస్తాయి. గాయకుడు పాట ఆపి, ఆ పేరు చదివి, దండం పెడతాడు. దీన్ని 'సూపర్ చాట్' అంటారు. యూట్యూబ్ దీన్ని తెచ్చింది 2017లో. ఇచ్చే మొత్తాన్ని బట్టి ఆ పేరు అయిదు గంటల దాకా పైన నిలిచి ఉంటుంది. కట్నం చదివింపుకీ దీనికీ తేడా ఏమైనా కనిపించిందా?

ఆ మాటకొస్తే, డబ్బులిచ్చే అభిమాని పాట ఒక్కదానికే ఇవ్వడు. తన పేరు తన పాటగాడి నోట వినడానికి కూడా ఇస్తాడు. పెద్ద పెద్ద కంపెనీలు దీన్ని ఈమధ్య కనిపెట్టాయి. ఒగ్గు పూజారులు ఎప్పుడో కనిపెట్టారు.

ఊళ్లు పంచుకున్న పాట

పాత వరంగల్ జిల్లా పాటల గని. కురుమలకు, గొల్లలకు ఒగ్గు కథలు. ముదిరాజులకు కాకిపడగల వాళ్లు. పద్మశాలీలకు కూనపులి వాళ్లు. గొల్లలకే మందహెచ్చులు. మాదిగలకు చిందు, డక్కలి. ఒక్కో కులానికి దాని పురాణం చెప్పే కుటుంబాలు ఉండేవి. కాకిపడగల వాళ్లు చేర్యాల నకాషీ బొమ్మల పటం పరిచి కథ చెబుతారు. డక్కలి వాళ్లు కిన్నెర మీటుతారు. అడుక్కోవడం కాదిది, హక్కు. ఏ ఊరు ఏ కుటుంబానిదో ముందే పంపకం అయిపోయేది. దానికే 'మిరాశీ' అని పేరు. ఏడాదికో, రెండేళ్లకో వచ్చి కథ చెప్పి, తమకు కట్టిన వాటా తీసుకుని వెళ్లేవారు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే అదొక చందాదారుల జాబితా. తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది.

ఆ జాబితా చిరిగిపోయింది. వాటా పెట్టే ఇంటి కొడుకు హైదరాబాద్‌లోనో, దుబాయ్‌లోనో, డాలస్‌లోనో ఉన్నాడు. ఊళ్లో ఉన్న ముసలాయనకు రాత్రంతా కూర్చునే ఓపిక లేదు. కళకేమో పేరు వచ్చింది. లింగాలఘనపురం మండలం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథను వేల వేదికలెక్కించి, సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకుని, 2017 నవంబరులో కన్నుమూశారు. దేవరుప్పుల మండలంలోని చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. అయిదు దశాబ్దాల్లో ఆయన ఆడిన ప్రదర్శనలు 19 వేల పైమాటే. ఒకరికి పద్మశ్రీ వస్తే ఊరంతా సంబరమే. అయితే మిగతా మేళాల ఇంట్లో పొయ్యి వెలగాలంటే మాత్రం ఆట ఆడాలి, కట్నం రావాలి.

2020లో లాక్‌డౌన్ వచ్చి ఆ కాస్తా ఆగింది. జాతర లేదు, పెళ్లి లేదు, పెద్దకర్మ లేదు. అదే ఏడాది జూన్ 29న టిక్‌టాక్‌ను కేంద్రం నిషేధించింది. అప్పటికే అందులో పల్లెపాటలతో వేలమంది అభిమానుల్ని పోగేసుకున్నవాళ్లు తెల్లారేసరికి ఖాళీ చేతులతో మిగిలారు. ఒకే వాడలో చాటింపు వేస్తే ఏమవుతుందో ఆ రోజు తెలిసొచ్చింది.

బాలు చూపిన దారి

అదే లాక్‌డౌన్ తొలి రోజుల్లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఫేస్‌బుక్ లైవ్‌లో కూర్చున్నారు. ఆర్కెస్ట్రా లేదు, స్టూడియో లేదు. వంద రూపాయలు విరాళం ఇచ్చినవారు కోరిన పాట పాడతానన్నారు. వచ్చిన సొమ్ము కరోనా సాయానికి. ఆ సెప్టెంబరు 25న ఆయన మనల్ని విడిచి వెళ్లిపోయారు. ఆ లైవ్‌లు సంగీత ప్రపంచానికి ఒక సంగతి చెప్పిపోయాయి. టీవీలో, ఫోన్‌లో ఉచితంగా దొరికే పాటకే జనం డబ్బులిస్తారు, అది తమ కోసం పాడుతున్నారని అనిపించినప్పుడు.

అదే జూన్‌లో కొరియా కుర్రాళ్ల బృందం బీటీఎస్ టికెట్టు పెట్టి ఆన్‌లైన్ కచేరీ చేస్తే ఏడున్నర లక్షల మందికి పైగా చూశారు. డిసెంబరులో మద్రాసు మ్యూజిక్ అకాడమీ మార్గశిర కచేరీలు ఫోన్లలోకి వచ్చాయి. వాళ్లకేం, పేరున్నవాళ్లు అంటారా? నిజమే. బాలు లైవ్‌కు వస్తున్నారంటే చాటింపు అక్కర్లేదు. పత్రికలే చాటాయి. హన్మకొండలో ఒక గదిలో ఫోన్ నిలబెట్టుకుని కూర్చున్న పాటగాడి సంగతి వేరు. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. సాయంత్రం ఏడుకు బటన్ నొక్కుతారు. ఏడుంబావుకు పదకొండు మంది చూస్తుంటారు. అందులో ఆరుగురు ఇంటివాళ్లే! 'ఇది మనకు అచ్చిరాదు' అని ఫోన్ పక్కన పడేస్తారు.

చాటింపు ఎక్కడెక్కడ?

పూర్వం ఆట ఉందంటే పొద్దున్నే డప్పు తిరిగేది. ఒక్క చావడి దగ్గర కొట్టి ఊరుకుంటే కుదరదు. వాడవాడకూ వెళ్లాలి. ఇప్పుడూ అంతే.

ముందు ఆట ఒకేచోట పెట్టాలి. యూట్యూబ్‌లో లైవ్‌ను వారం ముందే ఖరారు చేసి పెట్టుకోవచ్చు. వెంటనే ఒక లింకు వస్తుంది. అది నొక్కినవారికి 'గుర్తు చేయమంటారా' అని అడిగే గంట బొమ్మ కనిపిస్తుంది. అది నొక్కించడమే సగం పని. ఇంకో సంగతి. కొత్త ఛానెల్‌కు లైవ్ అనుమతి రావడానికి ఒక రోజు దాకా పట్టొచ్చు. ఫోన్ నుంచే లైవ్ ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రయిబర్లుండాలి. ఆట రోజు సాయంత్రం ఈ సంగతి తెలిస్తే ఏం లాభం?

ఆ తర్వాత ఒక్కో వాడకు ఒక్కో రకం డప్పు. ఇన్‌స్టాగ్రామ్‌లో అరనిమిషం రీల్ చాలు. కథలో మంచి పట్టున్న చోట మొదలుపెట్టి, సరిగ్గా చిక్కుముడి దగ్గర కోసేయాలి. మిగతా కథ ఎప్పుడో, ఎక్కడో తెర మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. రీల్ కింద రాతలో లింకు పెట్టినా నొక్కితే తెరుచుకోదు. ప్రొఫైల్‌లోనో స్టోరీలోనో పెట్టాలి. అదే ముక్కను యూట్యూబ్ షార్ట్స్‌లో వేసుకోవచ్చు. ఫేస్‌బుక్‌లో ఉండేది ఎక్కువగా కాస్త వయసు మళ్లినవాళ్లు, ఊరి పేరుతో నడిచే గ్రూపులు. అక్కడ పాత ఫొటో ఒకటి, 'మన ఊరికి మా తాత వచ్చి కథ చెప్పిన రోజులు' అన్న నాలుగు వాక్యాలు రీల్ కన్నా బాగా పనిచేస్తాయి.

వాట్సాప్ అసలైన చావడి. కానీ అక్కడొక అడ్డుకట్ట ఉంది. 2018 నుంచి మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదుగురికి మించి పంపనివ్వడం లేదు. బాగా తిరిగిన సందేశమైతే 2020 నుంచి ఒకరికే. కాబట్టి ఒక్కడే వంద గ్రూపులకు పంపడం అయ్యే పని కాదు. ఊరికొక మనిషిని పట్టుకోవాలి. ఇరవై ఊళ్లకు ఇరవైమంది ఉంటే చాలు. ఒక్కొక్కరూ తమ గ్రూపుల్లో వేసుకుంటారు. మిరాశీ ఊళ్లు ఇక్కడే అక్కరకొస్తాయి. తాతకు వాటా పెట్టిన ఇంటి మనవడికి ఫోన్ చేస్తే కాదంటాడా? అచ్చు వేసిన పోస్టరు కన్నా కథకుడు తన గొంతుతో పంపే ముప్ఫై సెకన్ల మాట ఎక్కువ దూరం వెళుతుంది.

వేళ కూడా చూసుకోవాలి. చలికాలంలో మన దగ్గర ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర అయితే డాలస్‌లో శనివారం రాత్రి తొమ్మిది. పిల్లలు పడుకుని, పెద్దలు తీరిగ్గా కూర్చునే వేళ. సౌదీ, కువైట్‌లలో ఉన్నవారికైతే శుక్రవారం సెలవు. అయినవోలు జాతర సంక్రాంతికి మొదలవుతుంది. కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారం ఆదివారం జనమే జనం. రాలేకపోయామే అని దూరాన ఉన్నవాడి మనసు కొట్టుకునే రోజులవి. మల్లన్న కథకు అంతకన్నా మంచి ముహూర్తం ఏముంటుంది?

రాత్రంతా కాదు, గంటసేపు

ఊళ్లో కథ తెల్లవార్లూ సాగుతుంది. ఫోన్ ముందు అంతసేపు ఎవరూ కూర్చోరు. గంటలో ఒక ఘట్టం చెప్పి, తర్వాతి వారానికి దారి వేసి ఆపేయాలి. ఖాళీ గదిలో ఒగ్గుకథ రక్తి కట్టదు. పక్క ఇంటివాళ్లను పదిమందిని కూర్చోబెట్టాలి, ఊ కొట్టడానికి. డోలు ఫోన్‌కు దూరంగా ఉండాలి, లేకపోతే గొంతు వినబడదు. మేళంలో ఒకరు వాయిద్యం పక్కన పెట్టి వ్యాఖ్యలు చూస్తుండాలి. ఎవరు కట్నం పంపారో చీటీ మీద రాసి కథకుడికి అందించాలి. ఆ పేరు తప్పు చదివారో... ఇంక వాళ్లు మళ్లీ ఇవ్వరు!

వచ్చేదెంత?

ఇక అసలు లెక్క. యూట్యూబ్‌లో సూపర్ చాట్, నెలవారీ సభ్యత్వం రావాలంటే 500 మంది సబ్‌స్క్రయిబర్లు, మూణ్నెల్లలో 3 వీడియోలు, ఏడాదిలో జనం చూసిన సమయం 3,000 గంటలు ఉండాలి. ప్రకటనల డబ్బుకైతే 1,000 మంది, 4,000 గంటలు. సూపర్ చాట్, సభ్యత్వాల సొమ్ములో పన్నులూ అవీ పోగా మిగిలినదాంట్లో 70 శాతం కళాకారుడిది. ఉదాహరణకు నెలకు 59 రూపాయల సభ్యత్వం అనుకోండి. జీఎస్టీ పోగా 50. రెండొందల మంది చేరితే పదివేలు. చేతికి వచ్చేది ఏడువేలు. అదీ వంద డాలర్లు పోగయ్యాకే బ్యాంకులో పడుతుంది. ఫేస్‌బుక్‌లో 'స్టార్స్' ఉన్నాయి. ఒక స్టార్‌కు ఒక అమెరికా సెంటు.

ఏడువేలతో అయిదుగురి మేళం బతకదు. ఆ మాట దాచాల్సిన పని లేదు. కానీ నెలనెలా వచ్చే ఏడువేలు జాతరకూ జాతరకూ మధ్య ఉప్పూపప్పూ తెస్తాయి. పైగా లైవ్ చూసినాయన ఇంట్లో బోనాలకో, పెద్దకర్మకో పిలుపు వస్తే అది వేరే లెక్క. నిజం చెప్పాలంటే చాలామందికి అసలు ఆదాయం ఆ పిలుపే. తెర మీద ఫోన్‌పే, గూగుల్‌పే కోడ్ పెట్టుకుంటే 30 శాతం కోత ఉండదు. దానికి విడిగా ఒక ఖాతా తెరుచుకోవడం మంచిది. ఇంటి ఖాతా నంబరు ఊరందరికీ చూపించడమెందుకు?

సినిమా పాట పాడితే మాత్రం చిక్కే. పాట హక్కుదారు కంపెనీ తరఫున యూట్యూబ్ యంత్రం గుర్తుపట్టి, ఆదాయాన్ని అటు మళ్లించవచ్చు. లైవ్‌నే ఆపేయనూవచ్చు. తాతల నాటి కథ, తమ గొంతు, తమ డోలు... వీటికి ఆ బెడద తక్కువ. ఒగ్గువాళ్లకు ఆర్కెస్ట్రా వాళ్ల కన్నా ఉన్న వీలు ఇది.

ఎవరి ఫోన్? ఎవరి డబ్బు?

ఇంకో బెడద ఉంది. అది ఊళ్లోనే ఉంది. కథ జరుగుతుంటే ముందు వరుసలో ఎవరో ఫోన్ ఎత్తి పట్టుకుంటారు. తెల్లారేసరికి ఆ కథంతా వేరే ఛానెల్‌లో ఉంటుంది. లక్షల మంది చూస్తారు. ప్రకటనల డబ్బు ఆ ఛానెల్‌ది. వీడియో పేరులో 'సూపర్ ఒగ్గుకథ' అని ఉంటుంది తప్ప చెప్పినాయన పేరు ఉండదు. గొంతు చించుకున్నది ఒకరు, కట్నం ఇంకొకరికి!

దీనికి చట్టం ఉందని చాలా మేళాలకు తెలియదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుడికి విడిగా హక్కు ఉంది. గాయకుడే కాదు, గారడీవాడు, పాములవాడు కూడా ఆ చట్టం కింద ప్రదర్శకుడే. 2012లో చేసిన సవరణ ఆ హక్కును ఇంకా గట్టిచేసింది. ప్రదర్శనను రికార్డు చేయడానికీ, జనానికి చూపించడానికీ ప్రదర్శకుడి ఒప్పుదల కావాలి. ప్రదర్శించింది తానేనని చెప్పుకునే హక్కూ అతనిదే. ఈ రక్షణ 50 ఏళ్ల పాటు ఉంటుంది. కోర్టు దాకా వెళ్లే స్తోమత ఎవరికుంటుంది అనొచ్చు. ఆట మొదలయ్యే ముందే మైకులో 'ఫోన్‌లో పట్టుకునేవాళ్లు మా పేరు, మా ఊరు, మా ఛానెల్ రాయండి, డబ్బు వస్తే మాకింత' అని చెప్పి, పిలిచిన పెద్దమనిషితో కాగితం మీద నాలుగు ముక్కలు రాయించుకోవడానికి మాత్రం పైసా ఖర్చు కాదు.

ఏది చూపించాలి, ఏది చూపించకూడదు అన్నది కూడా ఆ కాగితంలోనే తేలిపోవాలి. మల్లన్న కథ వినోదం. పసుపు బండారుతో పట్నాలు వేసి చేసే కల్యాణం కొలువు. కథ దాకా లైవ్ పెట్టి, పట్నం దగ్గరకు రాగానే ఫోన్ కట్టేయాలా, అమెరికాలో ఉన్న ఆడబిడ్డ చూసుకునేలా అదీ చూపించాలా అన్నది పూజారి, పిలిచిన ఇంటివాళ్లు కలిసి కథకు ముందే తేల్చుకోవాలి. డోలు మోగడం మొదలయ్యాక ఆ మాట ఎవరికీ వినబడదు.