మీకు తెలుసా? స్నోవైట్‌ను లేపింది ముద్దు కాదు!

డిస్నీ తొలి పూర్తి నిడివి యానిమేషన్ చిత్రం ‘స్నోవైట్ అండ్ ది సెవెన్ డ్వార్ఫ్స్’. 1937 డిసెంబరు 21న లాస్ ఏంజెలెస్‌లో తొలిసారి ప్రదర్శించారు. అద్భుత కథల కార్టూన్ సినిమాలకు బాట వేసింది ఇదే. దీనికి మూలమైన జర్మనీ గ్రిమ్ సోదరుల కథ మాత్రం చాలా వేరు.

● సవతి తల్లి: 1812 నాటి తొలి ముద్రణలో స్నోవైట్‌ను చంపించబోయింది కన్నతల్లే! 1819 ముద్రణలో ఆమెను సవతి తల్లిగా మార్చారు.

● మూడు ఎత్తులు: కథలో సవతి తల్లి అయిన రాణి మారువేషంలో మూడుసార్లు వస్తుంది. మొదట నడుముకు ఊపిరాడకుండా నాడా బిగిస్తుంది. తర్వాత విషపు దువ్వెన తలలో గుచ్చుతుంది. ఆఖరున యాపిల్ తినిపిస్తుంది. సినిమాలో యాపిల్ ఒక్కటే మిగిలింది.

● ముద్దు: సినిమాలో స్నోవైట్‌ను లేపే ముద్దు కథలో లేనే లేదు. ఆమెను ఉంచిన అద్దాల పేటికను మోస్తున్న సేవకులు తూలితే, ఆ కుదుపుకు గొంతులోని యాపిల్ ముక్క బయటపడి ఆమె లేస్తుంది.

● మరుగుజ్జులు: గ్రిమ్ కథలో వారికి పేర్లు లేవు. కోపిష్ఠి గ్రంపీ, తుమ్ముల స్నీజీ, నోరు విప్పని డోపీ సినిమాలో కనిపించేవారే.

● రాణి అంతం: కథలో ఎర్రగా కాల్చిన ఇనుప చెప్పులతో చనిపోయేదాకా ఆడిస్తారు. సినిమాలో పిడుగు పడి కొండ మీంచి జారిపోతుంది. మంచివాళ్ల చేతికి నెత్తురంటదు. డిస్నీ ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ (1991)లో విలన్ గాస్టన్ కూడా ఇలాగే పైనుంచి పడే చస్తాడు.

పిల్లలకు సినిమా చూపించాక పాత కథా చెప్పండి. ఏది ఎందుకు మారిందో వాళ్లనే అడగండి.